ఇంటిపేరే సాక్షి!

తెలుగువాళ్ల ఇంటిపేర్లలో ఊరిపేర్లకు కొదవలేదు. ఊరు వదిలి వెళ్లినవాణ్ని కొత్తచోట ఆ ఊరిపేరుతోనే పిలుస్తారు... తర్వాతి తరాలకు అదే ఇంటిపేరవుతుంది. అయితే ఒక కవి ఎక్కడివాడన్న తగవులో ఇంటిపేరే సాక్ష్యం చెప్పడం మాత్రం అరుదే!

ఆ కవి బమ్మెర పోతన. 15వ శతాబ్దంలో భాగవతాన్ని తెలుగు చేసిన ఆయన మావాడంటే మావాడని ఓరుగల్లు పక్షంవాళ్లూ, కడప ప్రాంతపు ఒంటిమిట్ట పక్షంవాళ్లూ చాలాకాలం వాదులాడుకున్నారు. పోతనది ఏకశిలానగరం అంటారు. ఏకశిల అంటే ఒకే రాయి. ఓరుగల్లుకూ ఆ పేరుంది, ఒంటిమిట్టకూ ఉంది. ఇక తేలేదెలా? ఓరుగల్లు పక్షం ఇంటిపేరును ముందుకు తెచ్చింది. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర అనే ఊరు ఇప్పటికీ ఉంది మరి! పోతన సమాధి ఇదేనంటూ అక్కడివాళ్లు ఓ చోటు చూపిస్తారు కూడా.

మండల కేంద్రం పాలకుర్తి కూడా తక్కువదేం కాదు. బసవపురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఇంటిపేరు ఆ ఊరే. పలికే తీరు కాస్త మారిందంతే.

ఊరితో పనిలేని ఇంటిపేర్లూ ఈ చుట్టుపక్కల ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన కృష్ణమాచార్యనే తీసుకోండి. ఆయన ఇంటిపేరు దాశరథి. అంటే దశరథుడి కొడుకు, రాముడు. కవిగా లోకానికి ఆయన పేరుకన్నా ఆ ఇంటిపేరే ఎక్కువ తెలుసు. తమ్ముడు రంగాచార్య కూడా పేరున్న రచయితే కావడంతో, దాశరథి అనగానే ‘ఏ దాశరథి?’ అని అడగాల్సి వస్తుంది.