కెమెరా తెర – మరమ్మతు కళ

ఛాయాగ్రహణ చరిత్రలో లైకా కెమెరాకు విశిష్ట స్థానముంది. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన ఈ చిన్న యంత్రం 1925లో జర్మనీలోని లైప్‌జిగ్ ప్రదర్శనలో లోకానికి పరిచయమైంది. దీనికి ప్రాణం షట్టర్. రబ్బరు పూసిన రెండు వస్త్రపు తెరలు ఫిలిం ముందు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి. వాటి నడుమ ఏర్పడే సందు గుండానే వెలుతురు ఫిలింను చేరుతుంది. సందు సన్నబడిన కొద్దీ ఫిలింపై పడే కాంతి తగ్గుతుంది.

కాలక్రమాన రబ్బరు బిరుసెక్కి బీటలు వారుతుంది. సూదిమొనంత రంధ్రం చాలు, ఫోటోలో తెల్లని మచ్చ ప్రత్యక్షమవుతుంది. తెరను దీపానికి ఎదురుగా ఉంచి చూస్తే ఈ లోపం బయటపడుతుంది. రంగు పూసి కప్పడం తాత్కాలికం. పాత కొలతలకు సరిగ్గా కత్తిరించిన కొత్త వస్త్రాన్ని అతికించడమే శాశ్వత మార్గం.

మరొక లోపం మందగమనం. ఎండి గట్టిపడిన పాత కందెన తెరల కదలికను అడ్డుకుంటుంది. అనుభవం లేనివాడు స్ప్రింగు బిగువు పెంచి వేగాన్ని రప్పిస్తాడు. అప్పటికి కెమెరా బాగుపడినట్లే తోస్తుంది. కానీ ఆ అదనపు బలం అరిగిన భాగాలను మరింత అరగదీస్తుంది. నిపుణుడు ముందుగా మురికిని తొలగించి, అవసరమైన చోట లేశమాత్రంగా నూనె వేసి, చివరకే స్ప్రింగును సవరిస్తాడు.

లక్షణాన్ని అణచడం వేరు, మూలాన్ని తొలగించడం వేరు. మరమ్మతు కళలోని వివేకమంతా ఈ భేదాన్ని గ్రహించడంలోనే ఉంది.