రుచి పరీక్షలో జ్ఞాపకశక్తి పాత్ర

బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నం నాణ్యతకు నేటికీ కొలమానంగా నిలిచింది. కొత్త వరి రకం వండినపుడు దానికి సాటి రాగలదా అన్నది రుచి పరీక్షలో తేలాలి. ఈ పరీక్షలో నాలుకతో పాటు జ్ఞాపకశక్తి కూడా పనిచేస్తుంది.

త్రికోణ పరీక్షలో మూడు నమూనాలు ఇస్తారు. వాటిలో రెండు ఒకే రకానివి, ఒకటి వేరు. మూడవ ముద్ద నమిలే సమయానికి మొదటిది జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. పోలిక ఆ జ్ఞాపకంతోనే జరుగుతుంది. స్వల్ప భేదమైతే అది మరపున పడవచ్చు. ఊహతో చెప్పినా ముగ్గురిలో ఒకరి జవాబు సరిపోతుంది. అందువల్ల 30 మందిలో కనీసం 15 మంది సరిగా గుర్తిస్తేనే 5 శాతం సార్థకత స్థాయిలో భేదం ఉన్నట్లు పరిగణిస్తారు. అంతకు తగ్గినంత మాత్రాన రెండు రకాలు సమానమని నిర్ధారించరాదు. అలా నిర్ధారించి సిఫారసు చేసిన రకాన్ని వినియోగదారులు ఇష్టపడకపోతే నష్టపోయేది రైతే.

నమూనాల మధ్య వ్యవధి పెరిగితే జ్ఞాపకం మసకబారుతుంది. తగ్గితే ముందటి రుచి నోటిలో మిగులుతుంది. కనుక ప్రతి ముద్ద తరువాత నీటితో పుక్కిలింపజేసి, అందరికీ ఒకే వ్యవధి పాటించాలి. వడ్డించే ఆరు క్రమాలనూ సమానంగా వాడాలి. చల్లారిన అన్నం గట్టిపడుతుంది కాబట్టి నమూనాలన్నీ ఒకే వేడిమిలో అందించాలి. అవసరమైతే మరల రుచి చూసే వీలు అందరికీ సమానంగా కల్పించాలి.