గాలి కాదు, చిల్లంగి కాదు - మాత్రలు ఎక్కువైతే ఇలా ఉంటుంది



మాత్ర రోగం తగ్గిస్తుంది. డాక్టరు చెప్పినదాని కన్నా ఎక్కువ మింగితే అదే మాత్ర విషమైపోద్ది. ఈసారి దిగులు జబ్బు మాత్రల గురించి తెలుసుకుందాం.

జ్వరంలాగే దిగులు కూడా ఒక జబ్బే. ఇమిప్రమిన్ అనే మందు దీనికి పనిచేస్తుందని స్విట్జర్లాండ్ డాక్టరు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించారు. ఎమిట్రిప్టిలిన్ కూడా ఆ జాతి మందే. దాన్ని నరాల నొప్పికి, మాటిమాటికీ వచ్చే తలనొప్పికి కూడా ఇస్తారు. కాబట్టి ఎవరింట్లోనైనా ఉండొచ్చు. చెప్పిన లెక్కలో వాడితే అది మంచి మందే.

మరి ఎక్కువైతే ఏమవుతుంది? మన గుండె సన్నని కరెంటుతో కొట్టుకుంటుంది. ఆ కరెంటు పుట్టాలంటే ఉప్పులో ఉండే సోడియం చిన్న చిన్న దారుల గుండా గుండె కణాల్లోకి వెళ్ళాలి. మందు ఎక్కువైతే ఆ దారులు మూసుకుపోతాయి. గుండె లయ తప్పుతుంది, బీపీ పడిపోతుంది. మెదడుకి కూడా విషం తగిలి మత్తు, ఫిట్స్ వస్తాయి, స్పృహ పోతుంది. నోరు ఎండిపోద్ది, కంటిపాపలు పెద్దవవుతాయి. లేనివి కనిపిస్తాయి, ఏవేవో మాటలు వస్తాయి.

ఇక్కడే మనకి ప్రమాదం. అలా మాట్లాడే మనిషిని చూసి గాలి సోకిందనో, చిల్లంగి పెట్టారనో అనుకుంటారు. మంత్రం వేయించేలోగా గుండె ఆగిపోవచ్చు. మొదట బాగానే ఉన్న మనిషి కూడా కొద్ది గంటల్లోనే ఒక్కసారిగా పడిపోవచ్చు. కొండ మీది ఊరైతే డోలీ కట్టి రోడ్డుకి దింపడానికే చాలాసేపు పడుతుంది. అందుకే "చూద్దాంలే" అనకూడదు. గురువుని తర్వాతైనా పిలవచ్చు, ముందు ఆసుపత్రి.

మనం చేయవలసినవి:

1. వెంటనే పెద్దవాళ్ళకి చెప్పాలి, 108కి ఫోన్ చేయాలి. మన రాష్ట్రంలో ఈ బండి 2005 నుంచి ఉంది.
2. ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. మత్తులో ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది.
3. స్పృహ లేకపోతే ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టాలి.
4. మాత్రల అట్ట కూడా తీసుకెళ్ళాలి. ఎప్పుడు మింగారో చెప్పాలి.

ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు. అవసరమైతే సోడియం బైకార్బొనేట్ నరంలోకి ఎక్కిస్తారు. మన వంటసోడాలో ఉండేది కూడా అదే! కానీ ఇంట్లో సోడా తాగిస్తే పని జరగదు. తొందరగా చేరిస్తే చాలామంది బతుకుతారు.

ఇంట్లో ఇలాంటి మాత్రలుంటే చిన్నపిల్లలకి అందకుండా పైన పెట్టండి. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవద్దు.

చివరిగా ఒక మాట. ఎవరికైనా బతకాలని లేదనిపిస్తే దాన్ని లోపల దాచుకోవద్దు. పక్క మంచం అమ్మాయికి చెప్పండి, వార్డెన్ అమ్మగారికి చెప్పండి. 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ నంబరుకి డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. స్నేహితురాలు అలా చెప్తే మనం నవ్వకూడదు. రహస్యమని దాచకూడదు. ఆమెను ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్ళ దగ్గరికి తీసుకెళ్దాం.

- 9వ తరగతి విద్యార్థిని