పెడతలకు చోటిచ్చిన దిండు

కారులో పసిపిల్లల సీటు మొదట పుట్టింది ప్రాణం కాపాడటానికి కాదు. 1930లలో అమెరికాలో బనీ బేర్ అనే కంపెనీ అమ్మిన సీటుకు ఉన్న పనల్లా పిల్లల్ని కాస్త ఎత్తున కూర్చోబెట్టడం, అటూ ఇటూ పాకకుండా ఆపడం, ముందు సీట్లో ఉన్న అమ్మానాన్నల కంటికి ఆనేలా చూడటం. కారు దేన్నయినా గుద్దుకుంటే బిడ్డ ఏమవుతుందన్న ఆలోచనతో సీటు చేయడం 1960ల దాకా మొదలవలేదు.

ఆ ఆలోచనను సరైన దారి పట్టించినవాడు స్వీడన్ వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్. అమెరికా జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని పైకి వెళ్లేవారు. రాకెట్ తోపు వాళ్ల వీపంతటా పరుచుకునేది కాబట్టి ఒళ్లు తట్టుకునేది. బిడ్డ సీటును కారు వెనక వైపుకు తిప్పి పెడితే ఎదుటి నుంచి తగిలే దెబ్బ కూడా అలాగే వీపంతటా పరుచుకుంటుందని ఆయన గ్రహించాడు. 1964లో తొలి నమూనాను వోల్వో కారులో పరీక్షించారు.

పసిబిడ్డ ఒడ్డూ పొడుగూ తెలిస్తే ఇది ఎంత గొప్ప ఊహో అర్థమవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగోవంతు తలే. ఆ తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, ఒకదానితో ఒకటి అతుక్కోవు. అమెరికాలో ఈ సీట్లను గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్ది పరీక్షిస్తారు. ఆ వేగం తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీద నుంచి, కింద పడ్డప్పుడు నేలను తాకే వేగంతో సమానం. బిడ్డ ముందుకు చూస్తూ కూర్చుంటే పట్టీలు ఒంటిని ఆపుతాయి గానీ తలను ఆపవు. వెనక్కి చూస్తూ ఉంటే తల, మెడ, వీపు కలిసికట్టుగా సీటు డొప్పలోకి ఒదుగుతాయి.

దెబ్బ సంగతి తేలింది. ఊపిరి సంగతి మాత్రం మిగిలిపోయింది.

పసిపిల్లల పెడతల వెనక్కి బాగా పొడుచుకుని వస్తుంది. వీపు వెనకా తల వెనకా ఒకే చదునుగా ఉన్న సీట్లో వాలుగా కూర్చోబెడితే ఆ పెడతలే తలను ముందుకు తోస్తుంది. నిద్ర పట్టగానే గడ్డం రొమ్మును తాకుతుంది, కింది దవడ వెనక్కి జరుగుతుంది, నాలుక దానితోపాటే పోతుంది, గాలి దారి ఇరుకవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇలా రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం వైద్యులు గమనించారు. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1990ల నుంచి, అలాంటి బిడ్డను ఇంటికి పంపేముందు ఆసుపత్రిలోనే కార్ సీట్లో కూర్చోబెట్టి గుండె, ఊపిరి, ఆక్సిజన్ చూడమంటోంది.

బిడ్డ తల వాలిపోతుంటే చూసి తట్టుకోగల తల్లి ఎవరు? ఆ బెంగ పునాదిగానే ఒక బజారు లేచింది. మెడ చుట్టూ వేసే దిండ్లు, ఒళ్లంతా ఒదిగే మెత్తలు, పట్టీలకు తొడిగే బొచ్చు గలీబులు. సీటుతో సంబంధం లేకుండా విడిగా అమ్మేవి ఇవన్నీ. అమెరికాలో సీట్లకున్న 213వ నంబరు భద్రతా ప్రమాణం వీటికి వర్తించదు. కాబట్టి డబ్బా మీద 'ప్రమాద పరీక్షలో నెగ్గింది' అని రాసి ఉన్నా, అది నెగ్గాల్సిన ప్రమాణమంటూ ఏదీ లేదు.

మెత్త ఎందుకు ముప్పు? బిడ్డ వీపు వెనక మూడు సెంటీమీటర్ల మెత్త వేసి పట్టీలు బిగించారనుకుందాం. చేతికి బిగువుగానే తగులుతాయి. కారు గుద్దుకున్న క్షణంలో ఆ మెత్త అప్పడంలా అణిగిపోతుంది. అది ఆక్రమించిన చోటంతా ఒక్కసారిగా పట్టీలో వదులుగా మారుతుంది. భుజాల మీది పట్టీ జారితే బిడ్డ సీటులోంచే ఎగిరిపోవచ్చు. పరీక్షించుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. బకిల్ పెట్టాక భుజం దగ్గర పట్టీని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా గిల్లి చూడాలి. మడత చేతికి చిక్కితే ఇంకా బిగించాలి. మెత్త ఉన్నప్పుడు ఈ గిల్లుడు మనల్ని మోసం చేస్తుంది, అదే దాని అసలు ప్రమాదం.

అలాగని దిండ్లన్నీ చెడ్డవనడం న్యాయం కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో షర్లీ టాంకిన్ అనే వైద్యురాలు జీవితంలో ఎక్కువ భాగం పసిపిల్లలు నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే 'ఊయల మరణాల' గుట్టు విప్పడానికే వెచ్చించారు. ఆవిడ, సహచరులు కలిసి కార్ సీటుకు ఒక ఫోమ్ మెత్త రూపొందించారు. అందులో కీలకం తల వెనక వదిలిన ఖాళీ. ఒంటిని కాస్త ముందుకు తెచ్చి, పెడతల ఆ ఖాళీలో కూర్చునేలా చేశారు. తల నిటారుగా నిలిచింది, గాలి దారి తెరుచుకుంది. 2003లో నెలలు నిండని కొద్దిమంది పిల్లలతో చేసిన తొలి ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. 2013లో నెలలు నిండిన పిల్లల మీద మరింత పకడ్బందీగా జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఒక మోస్తరు ఆక్సిజన్ తగ్గుదలలు ఎన్నిసార్లు వచ్చాయన్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ గాలి దారి మూసుకుపోయే ఘట్టాలు తగ్గాయి, ఆక్సిజన్ 95 శాతం కంటే దిగువన ఉన్న సమయమూ తగ్గింది. ఈ మిశ్రమ ఫలితాన్ని దాచకుండా ప్రకటించినందుకు నాకు ఆ బృందం మీద గౌరవం. బజారు దిండ్లలో చాలావాటికి పెడతలకు చోటివ్వాలన్న ధ్యాసే లేదు. తల వెనక ఇంకాస్త దూది కూరి గడ్డాన్ని ఇంకాస్త వంచుతాయి.

మన ఇళ్లలో పసిబిడ్డ తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వేస్తారు. కాన్పు సాయానికి అమెరికా వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు పెట్టెలో పెట్టుకుపోయే వస్తువుల్లో అదీ ఉంటుంది. దాన్ని కార్ సీట్లోకి మాత్రం రానివ్వకూడదు. పొత్తిళ్లలో చుట్టిన బిడ్డనూ అలాగే కూర్చోబెట్టకూడదు, కాళ్ల మధ్య పట్టీ ఒంటికి అంటుకునే వీలుండదు. ముందు బకిల్ పెట్టి, పట్టీలు బిగించి, ఆ తర్వాత పైన దుప్పటి కప్పాలి. తల పక్కలకు వాలుతుంటే రెండు పల్చటి గుడ్డలు చుట్టి చెరోవైపు పెట్టవచ్చు. వీపు వెనక, తల వెనక, అడుగున ఏదీ వద్దు. సీటుతోపాటే కంపెనీ ఇచ్చిన మెత్త అయితే ఆ సీటుతో కలిపి పరీక్షించినదే, నిర్భయంగా వాడవచ్చు.

సీట్లోనే నిద్రపోనివ్వడం ఇంకో ముప్పు. 2004 నుంచి 2014 వరకు అమెరికాలో నిద్రలో చనిపోయిన దాదాపు 12 వేల మంది శిశువుల వివరాలను పరిశోధకులు తిరగేశారు. అందులో 3 శాతం మరణాలు కూర్చోబెట్టే సాధనాల్లో జరిగాయి, వాటిలోనూ ఎక్కువ కార్ సీట్లలోనే. అయితే ఆ కార్ సీట్లలో పద్ధతి ప్రకారం వాడుతున్నవి పదింట ఒకటైనా లేవు. ఇంటికి చేరాక నిద్ర చెడుతుందని బిడ్డను సీట్లోనే వదిలేయడం అలవాటైన ఇళ్లు చాలా ఉన్నాయి. లేచి ఏడ్చినా సరే, ఎత్తి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

మన దేశంలో 2019 మోటారు వాహనాల చట్ట సవరణ 194బి సెక్షన్ తెచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని సీటుబెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకుండా తీసుకెళితే 1,000 రూపాయల జరిమానా. సీట్ల కొనుగోలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్న చోట, మెత్తల అమ్మకం కూడా వాటి వెంటే వస్తుంది. సీటు కొన్నవాళ్లు దాంతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి, లోపలి మెత్త ఎంత బరువు దాకా ఉంచాలో చూసుకోవాలి. బిడ్డ ఆ బరువు దాటిన రోజే దాన్ని తీసేసి, పట్టీలు మళ్లీ బిగించి, భుజం దగ్గర గిల్లి చూడాలి.