ఉద్యోగార్థి పాసుపుస్తకం – యజమాని ప్రశ్న

దూలపల్లి పారిశ్రామికవాడ మొదలు జీడిమెట్ల వరకు ఉన్న కర్మాగారాలలోనూ, శామీర్‌పేట ప్రాంతపు జీనోమ్ వ్యాలీలోని ఔషధ సంస్థలలోనూ, మాదాపూరు కంప్యూటరు సంస్థలలోనూ మన విద్యార్థులు ఏటేటా ఉద్యోగాలకై దరఖాస్తులు పెట్టుకొంటున్నారు. డిగ్రీ పట్టా, మార్కుల జాబితా, నడవడి పత్రం ఉంటే చాలునన్న కాలం గడచిపోయింది. పాత ఉద్యోగపు జీతం చీటీలు, ఆరు నెలల బ్యాంకు లావాదేవీల పట్టిక, ప్రావిడెంట్ ఫండు పాసుపుస్తకం, కొన్నిచోట్ల అప్పుల చరిత్ర తెలిపే సిబిల్ నివేదిక కూడా అడుగుతున్నారు. ఉద్యోగం చేతికి రాకముందే ఇంటి లెక్కలు పరుల చేతికి ఇవ్వవలసి రావడం ఎంతవరకు సమంజసం? ఇందులో ఇవ్వదగినదేది, ఇవ్వనక్కరలేనిదేది? ఈ ప్రశ్నలను ఇక్కడ పరిశీలించదలచాము.

ముందుగా యజమాని పక్షాన చెప్పదగిన మాట చెప్పడం న్యాయం. ఖజానాలోనూ, దుకాణంలోనూ నగదు చూసే గుమాస్తా దగ్గర జమానతు తీసుకొనే ఆచారం మనకు కొత్తది కాదు. పరుల సొమ్ము కాపాడవలసినవాని నిజాయితీని గురించి విచారించడం తప్పు కాదు. అదీగాక, దొంగ అనుభవ పత్రాలు, లేని కంపెనీల పేరిట జీతం చీటీలు తయారుచేసి ఇచ్చేవారు ఉన్నారన్నది కాదనలేని సత్యం. కనుక అభ్యర్థి చెప్పిన మాట నిజమా కాదా అని సరిచూసుకొనే హక్కు యజమానికి ఉంది. అయితే సరిచూడడం వేరు, సోదా చేయడం వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అసలు సమస్య.

ఈ గీతను నిర్ణయించడానికి రెండు ప్రశ్నలు చాలునని మా అభిప్రాయం. ఈ వివరం ఏ పనికి కావాలి? ఆ పని ఏ దశలో వస్తుంది? ఉద్యోగం ఖాయమైన పిమ్మట జీతం జమచేయడానికి బ్యాంకు ఖాతా సంఖ్య కావాలి. ఆదాయపు పన్ను లెక్కకు పాన్ సంఖ్య కావాలి. అది లేకపోతే పన్ను హెచ్చు రేటున కోతపడుతుంది. ప్రావిడెంట్ ఫండుకు 2014 నుండి అమలులో ఉన్న యు.ఎ.ఎన్. సంఖ్య కావాలి. ఇవన్నీ సహేతుకమైనవే. కాని ఇవన్నీ నియామకం తరువాతి అవసరాలు. దరఖాస్తుల గుట్టలో ఒకటిగా ఉన్న కాగితానికి వీటితో నిమిత్తం లేదు. ఇక ఖాతా సంఖ్య ఇవ్వడం వేరు, ఖాతాలోని లావాదేవీలు చూపడం వేరు.

బ్యాంకు లావాదేవీల పట్టిక ఏమేమి చెబుతుందో ఒకసారి ఆలోచించండి. జీతం జమ అయిన వరుస ఒక్కటే యజమాని అడిగినది. దానికి పైనా కిందా తల్లి మందుల ఖర్చు, చెల్లెలి ఫీజు, చిట్టీ వాయిదా, మిత్రుని దగ్గర తెచ్చిన చేబదులు, వైద్యశాల పేరు, మసీదుకో గుడికో ఇచ్చిన చందా, పార్టీకో సంఘానికో కట్టిన సభ్యత్వ రుసుము అన్నీ ఉంటాయి. మౌఖిక పరీక్షలో నీకు ఏమి జబ్బు, ఏ పార్టీ అభిమానివి అని అడగడానికి సంకోచించే అధికారి, ఆ పట్టిక చేతికి వస్తే అడగకుండానే అన్నీ తెలుసుకొంటాడు. ఆపైన ఆ కాగితం ఎవరి బల్లమీద ఉంటుందో, ఎన్నాళ్లు ఉంటుందో అభ్యర్థికి తెలియదు.

పాత జీతం అడగడంలో మరొక నష్టం ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే ఉద్యోగానికి ఇద్దరు సమాన యోగ్యులు ఎంపికైనారనుకొందాం. ఒకరి పాత జీతం నెలకు 18,000 రూపాయలు, మరొకరిది 28,000. పాత జీతంపై 25 శాతం పెంచి ఇస్తామని సంస్థ అంటే మొదటివారికి 22,500, రెండవవారికి 35,000 వస్తాయి. ఒకే బల్ల దగ్గర ఒకే పని చేసే ఇద్దరి మధ్య అంతకుముందు 10,000 ఉన్న తేడా 12,500 అవుతుంది. పేదరికం వల్లనో, ఇంటికి దగ్గరగా ఉండవలసి రావడం వల్లనో తక్కువ జీతానికి కుదిరినవారిని ఆ తొలి జీతం జీవితాంతం వెంటాడుతుంది. స్త్రీల విషయంలో ఇది మరింత నిజం. ఈ కారణంచేతనే అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పాత జీతం అడగరాదని 2016లో చట్టం చేసింది. తెలుగువారు అధికంగా స్థిరపడిన కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుండి, న్యూజెర్సీలో 2020 జనవరి 1 నుండి ఇట్టి నిషేధం అమలులోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన జీతాల పారదర్శకతా నిర్దేశం కూడా ఈ ప్రశ్నను నిషేధించింది. మన దేశంలో ప్రైవేటు యజమాని పాత జీతం అడగరాదనే చట్టం లేదు.

ఇక మన విద్యార్థులను అన్నిటికంటె గాఢంగా తాకే విషయం అప్పుల చరిత్ర. రుణ సమాచార సంస్థలు 300 నుండి 900 వరకు ఒక అంకెను ప్రతి రుణగ్రహీతకూ కేటాయిస్తాయి. అది మొదట అప్పు ఇచ్చేవారి కోసం పుట్టిన కొలత. క్రమంగా అది ఉద్యోగపు గుమ్మం దగ్గరకు వచ్చింది. బ్యాంకు ఉద్యోగాల ఎంపిక నిర్వహించే ఐ.బి.పి.ఎస్. 2023 ప్రకటనలలో కనీసం 650 ఉండాలన్న నిబంధన కనిపించింది. విమర్శల తరువాత ఆ అంకెను తొలగించినా, బకాయిలు ఉన్నవారు చేరేనాటికి వాటిని సరిచేసుకోవాలన్న నియమం మిగిలింది. భారతీయ స్టేట్ బ్యాంకు 2021లో ఒక అభ్యర్థికి నియామకపు ఉత్తర్వు ఇచ్చి, సిబిల్ నివేదిక ప్రతికూలంగా ఉన్నదని దానిని రద్దు చేసింది. ప్రకటన నాటికే అప్పులన్నీ తీర్చానని ఆయన వాదించినప్పటికీ, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్ని సమర్థించింది. ప్రజల సొమ్ము చూసేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తర్కంలో బలం లేకపోలేదు. కాని మన ఇళ్ల సంగతి వేరు. విద్యారుణం తీసుకొన్న విద్యార్థి చదువు పూర్తిచేసిన ఏడాదిలోగా ఉద్యోగం దొరకకపోతే వాయిదా తప్పుతుంది. వాయిదా తప్పితే అంకె పడిపోతుంది. అంకె పడిపోతే బ్యాంకు ఉద్యోగం చేజారుతుంది. ఉద్యోగం లేనందువల్ల తీర్చలేకపోయిన అప్పును చూపి ఉద్యోగం ఇవ్వకపోవడమే ఇది. తల్లిదండ్రులు సహరుణగ్రహీతలైతే వారి చరిత్ర కూడా చెడుతుంది. సిబిల్ అంకె తక్కువగా ఉందన్న కారణంతో విద్యారుణం నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పిన మాట ఇక్కడ స్మరింపదగినది. చదువుకు వర్తించిన ఆ న్యాయం చదువుకొన్నవాని ఉద్యోగానికి కూడా వర్తించాలని మేము భావిస్తున్నాము. నగదుతో సంబంధంలేని ప్రయోగశాల ఉద్యోగానికీ, బోధనకూ, కంప్యూటరు పనికీ ఈ కొలతతో పనే లేదు.

ప్రభుత్వోద్యోగులు ఆస్తుల వివరాలు సమర్పించడం లేదా అని కొందరు అడుగవచ్చు. నిజమే, 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం వారు ఆ వివరాలు ఇవ్వాలి. కాని ఆ బాధ్యత పదవితోపాటు వస్తుంది. ప్రజల మీద అధికారం ఉన్నందున ప్రజలకు లెక్క చెప్పాలి. అధికారమూ జీతమూ ఏదీ ఇంకా దక్కని దరఖాస్తుదారునికి ఆ పోలిక సరిపడదు.

చట్టం సంగతికి వస్తే, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన జస్టిస్ పుట్టస్వామి హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్‌లో కూడా పనిచేసినవారు. దాని పర్యవసానంగా 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడి, ప్రధాన విధులు పద్దెనిమిది నెలల తరువాత అమలయ్యేట్లు గడువు ఏర్పడింది. ఏ వివరం ఎందుకు అడుగుతున్నారో ముందుగా తెలపాలి, అవసరానికి మించి తీసుకోరాదు, అవసరం తీరిన తరువాత ఉంచుకోరాదు అన్నవి సమ్మతిపై ఆధారపడిన సేకరణకు మూలసూత్రాలు. అయితే ఉద్యోగ సంబంధమైన ప్రయోజనాలకు సమ్మతి లేకుండానే సమాచారాన్ని వినియోగించే వెసులుబాటు ఆ చట్టం యజమానికి ఇచ్చింది. ఇంకా ఉద్యోగంలో చేరని అభ్యర్థికి ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం.

ఇట్టి పరిస్థితిలో విద్యార్థులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. పాత జీతానికి రుజువు కావాలంటే జీతం చీటీలుగాని, ఫారం 16 అని చిరకాలంగా పిలుస్తున్న పన్ను పత్రంగాని చాలునా అని మర్యాదగా అడగవచ్చు. బ్యాంకు పట్టిక తప్పదంటే జీతం జమ అయిన వరుసలు మాత్రం కనబడేట్లు, తక్కినవి కప్పి ఇవ్వడానికి అనుమతి కోరవచ్చు. ప్రతి రుణ సమాచార సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. చదువు ముగిసేలోగా దానిని తెప్పించి చూసుకొనండి. తప్పు ఉంటే ఫిర్యాదు చేయండి. ముప్పై రోజులలో పరిష్కరించకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం లభిస్తుంది.

ఇక ఏ నిజమైన యజమానీ అడగనివి కొన్ని ఉన్నాయి. ఓ.టి.పి., ఎ.టి.ఎం. కార్డు, రహస్య సంఖ్య, డిపాజిట్ పేరిట సొమ్ము, కొద్దిరోజులు వాడుకొంటామని మీ ఖాతా అడిగినవారు ఉద్యోగదాతలు కారు, మోసగాళ్లు. ఖాతా అరువిచ్చినవారు ఇతరుల నేరంలో ఇరుక్కొంటారు. అట్టి సందర్భంలో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి.

అయితే ఈ భారమంతా విద్యార్థి మీదనే మోపడం న్యాయం కాదు. ఉద్యోగం అవసరమైన ఇరవై రెండేళ్ల యువకుడు ఒంటరిగా యజమాని ముందు కాదనలేడు. అతడు ఇవ్వనంటే వెనుక ఇచ్చేవారు పదిమంది నిలబడి ఉంటారు. కనుక ఆ మాట సంస్థ తరఫున రావాలి. కళాశాలకు వచ్చి విద్యార్థులను ఎంపిక చేసుకొనే ప్రతి సంస్థకు మన యాజమాన్య సంఘం ముందుగానే ఒక లేఖ పంపాలని సవినయంగా కోరుతున్నాము. నియామకపు ఉత్తర్వుకు ముందు బ్యాంకు పట్టిక, సిబిల్ నివేదిక అడగరాదనీ, ఎంపిక కానివారి పత్రాలు నిర్ణీత గడువులో నాశనం చేయాలనీ అందులో రెండే వాక్యాలు ఉంటే చాలు. ఒక విద్యార్థి నోట రాలేని మాట కళాశాల ముద్రతో వెళితే దానికి విలువ ఉంటుంది.