ఆ ఆకలి గోలీది

మానసిక జబ్బుకు గోలీలు మొదలుపెట్టిన మనిషి కాస్త ఒళ్లు చేస్తే ఇంట్లోవాళ్లు మొదట సంబరపడతారు. దుర్గాభవాని గుడికి పేరున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోనైనా, పాశమైలారం కంపెనీల పక్క బస్తీలోనైనా ఇదే తీరు. ‘‘మంచిగయిండు, కడుపునిండ తింటుండు’’ అని తల్లి ఇంకింత బువ్వ పెడుతుంది. నెలలు గడిచి ప్యాంటు నడుముకు పట్టనప్పుడు మాట మారుతుంది: ‘‘తిని పంటుండు, గందుకే ఒళ్లొచ్చింది.’’ ఆ మాట పడలేక మనిషి గుట్టుగా గోలీ మానేస్తాడు. జబ్బు తిరగబెడుతుంది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇదే.

ఒలాంజపైన్, క్లోజపైన్ వంటి మందులు మెదడులో హిస్టమిన్, సెరటోనిన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. దాంతో ఎంత తిన్నా తిన్నట్టుండదు. అర్ధరాత్రి లేచి గిన్నెలు వెతికేంత ఆకలి వేస్తుంది. పైగా మత్తు, కదలబుద్ధి కాదు. షుగర్, కొవ్వు కూడా పెరగొచ్చు. క్వెటియపైన్, రిస్పెరిడోన్‌లతో బరువు ఓ మోస్తరుగా, అరిపిప్రజోల్, లురాసిడోన్‌లతో తక్కువగా పెరుగుతుంది. లిథియం, వాల్‌ప్రొయేట్, మిర్టజపైన్‌లకూ ఈ గుణం ఉంది. ఇందులో తిండిపోతుతనం ఎక్కడుంది?

మందు మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వులు చూడాలని అమెరికాలో మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లోనే కలిసి చెప్పాయి. 4, 8, 12 వారాలకు మళ్లీ బరువు, 12వ వారంలో మళ్లీ షుగర్ చూడాలి. బరువు 5 శాతం పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63కు చేరితే, మందు మార్చే సంగతి ఆలోచించాలి. నడుము మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువుకు, నడుముకు ఓ కాటా, ఓ టేపు చాలు. దేశదేశాలకు మందులు పంపే పటాన్‌చెరు ప్రాంతంలో ఈ రెండూ ప్రతి మానసిక వైద్యుడి గదిలో ఉండి తీరాలి.

ఇక తిండి సంగతి. కంపెనీల్లో షిఫ్టులు చేసే మనిషికి అది కష్టమే. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి తీపి చాయ్, ఆకలికి మిర్చీ బజ్జీ. ముందు ఆ చక్కెర చాయ్, కూల్‌డ్రింక్ తగ్గించాలి. 1972 నుంచి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధిస్తున్న జొన్న, సజ్జ మన పాత తిండే. రొట్టె మంచిదే కానీ లెక్క తప్పితే అదీ బరువే. పళ్లెంలో పప్పు, ఆకుకూర పెరగాలి. గోలీలు వేసుకునే మనిషికొక్కడికే పథ్యం పెట్టి మిగతావాళ్లు పులిహోర తింటే అది శిక్ష అవుతుంది. ఇంటిల్లిపాదీ అదే తినాలి.

ఇంత చేసినా బరువు ఆగకపోవచ్చు. అప్పుడు డాక్టర్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ ఇస్తారు, లేదా మానసిక జబ్బు మందు మారుస్తారు. సొంతంగా మానడం మాత్రం ప్రమాదం. ఆస్పత్రి దూరమైతే 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు. డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు గోలీకి ముందు ఎంత బరువో, ఇప్పుడెంతో చీటీ మీద రాసుకెళ్లండి. మందు మారిస్తే, కొత్త గోలీ వేసుకునే రోజే మళ్లీ బరువు చూసి రాసుకోండి.