జీపు వెనుక ఇరుసు పళ్లచక్రాల మార్పిడి: ముందు లెక్క, పిమ్మట కొలత

ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్లనే ‘బైలాడీలా’ అనే పేరు వచ్చిందన్న సంగతి మన పిల్లలకు సైతం తెలిసినదే. ఆ మూపురంపై ఐదవ నిక్షేపంలో 1977లో ఉత్పత్తి ఆరంభమైన నాటి నుండి బచేలి–ఆకాశనగర్ ఘాట్ రోడ్డు మన నిత్యజీవితంలో భాగమైంది. ఆ దారిలో ప్రతి వాహనానికీ రెండు పరీక్షలు: ఎక్కేటప్పుడు బలం, దిగేటప్పుడు నిగ్రహం. ఈ రెండింటినీ నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది వెనుక ఇరుసు హౌసింగులో కంటికి కనబడకుండా తిరిగే క్రౌన్, పినియన్‌ల జంట. పాత జీపులను ముచ్చటగా కాపాడుకొంటున్నవారు ఈ జంటను మార్చి, మైదానంలో వేగాన్నీ మైలేజీనీ పెంచుకోవాలని కోరుకోవడం సహజం. ఆ పని ఇంటి వద్ద చేసుకోవచ్చునా? చేసుకోవచ్చును. అయితే లెక్కను, కొలతను విడిచిపెట్టరాదు.

నిష్పత్తి చెప్పే మాట

పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 43 పళ్లు ఉంటే, పినియన్ 5.38 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. సి.జె.3బి. జీపు నిష్పత్తి ఇదే. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో ఇది 39కి 8, అనగా 4.88.

చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు సాగుతుందనుకొందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 455 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజను 5.38తో సుమారు 2,440 చుట్లు, 4.88తో సుమారు 2,220 చుట్లు తిరుగుతుంది. గీదం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే మైదానపు దారిలో ఇంజనుకు ఇది హాయి. కాని అదే 9 శాతం మేరకు చక్రానికి అందే బలం కూడా తగ్గుతుంది. అంతకన్న ముఖ్యమైన విషయం, ఘాట్ దిగేటప్పుడు అదే గేరులో ఇంజను పట్టి ఆపే శక్తి కూడా తగ్గి, ఆ భారం బ్రేకులపై పడుతుంది. ఈ మార్పు చేసిన జీపులో దిగువకు వచ్చేటప్పుడు ఒక గేరు కిందనే ఉంచవలసిన చోట్లు పెరుగుతాయి. నిత్యం కొండ ఎక్కి దిగే కుటుంబానికి 5.38యే మేలు.

గనిలో యాంత్రిక చోదనం గల భారీ డంపర్లలో ఈ తగ్గింపు ఒక్కచోట ముగియదు. డిఫరెన్షియల్ తరువాత చక్రాల హబ్బులలోని ప్లానెటరీ గేర్లు మరొకమారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. జీపు ఇరుసులో మాత్రం ఆ భారమంతా ఒక్క జంటదే. కావుననే దాని అమరికలో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కకు వస్తుంది.

పని జరిగే తీరు

సమతలంగా ఉన్న గట్టి నేలపై బండిని నిలిపి, ముందు చక్రాలకు అడ్డులు పెట్టి, ఇరుసును దృఢమైన స్టాండ్లపై ఉంచవలెను. కేవలం జాకీని నమ్మి బండి కిందకు దూరడం ప్రాణాపాయం. ఆయిల్ దింపి, యాక్సిల్ షాఫ్టులను లాగి, డిఫరెన్షియల్‌ను వెలికి తీసే ముందు బేరింగు మూతలకు కుడి, ఎడమ గుర్తులు పెట్టుకోవాలి. అవి హౌసింగుతో కలిపి బోరు చేసినవి. తారుమారైతే బేరింగు సరిగా కూర్చోదు.

క్రౌన్, పినియన్‌లను ఒకదానితో ఒకటి జతపరచి తయారుచేస్తారు. ఒకదానిని కొత్తది, మరొకదానిని పాతది వేయడం తగదు. కూర్పులో నాలుగు అంశాలను వరుసగా సరిచూడాలి: పినియన్ లోతు, పినియన్ బేరింగుల బిగువు, పళ్ల మధ్య సందు, పళ్లు తాకే చోటు. పళ్ల మధ్య సందును, అనగా బ్యాక్‌లాష్‌ను, డయల్ గేజితోనే కొలవాలి. అది మిల్లీమీటరులో ఐదవ వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ బండి మాన్యువల్‌లోని అంకెయే ప్రమాణం. చేతితో ఆడించి ‘సరిపోయింది’ అనుకోరాదు.

పళ్లకు రంగు పూసి తిప్పితే తాకిన ముద్ర కనబడుతుంది. ముద్ర పంటి మొదట్లో పడితే పినియన్ లోతు ఎక్కువైందని, కొనపై పడితే తక్కువైందని అర్థం. షిమ్ములు మార్చి, మరల కూర్చి, మరల చూడాలి. ఇలా నాలుగైదు మార్లు విప్పవలసి రావచ్చును. ఇందులో ఓపిక లేకుంటే కొద్ది దినాలలోనే ఇరుసు ఊళ పెడుతుంది; ఆపై పళ్లు విరుగుతాయి.

మరువరాని మూడు సంగతులు

ఒకటి, నాలుగు చక్రాల చోదనం గల జీపులో ముందు ఇరుసు నిష్పత్తిని కూడా తప్పక మార్చాలి. లేనిచో ఫోర్‌వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులు పరస్పరం పెనుగులాడి, ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

రెండు, స్పీడోమీటరు కేబులు ఇరుసుకు ముందే ట్రాన్స్‌ఫర్ కేసు నుండి వస్తుంది. 5.38 నుండి 4.88కి మారితే బండి 60లో పోతుండగా ముల్లు సుమారు 54 చూపుతుంది. మలుపు వద్ద ఈ ఆరు కిలోమీటర్ల భ్రమ చిన్నది కాదు. స్పీడోమీటరు పినియన్‌ను కూడా సరిచేయించుకోవాలి.

మూడు, క్రౌన్, పినియన్ పళ్లు హైపాయిడ్ తరహావైతే తిరుగుతూనే ఒకదానిపై ఒకటి జారుతాయి. మామూలు ఇంజను ఆయిల్ ఆ ఒత్తిడికి నిలువదు. తయారీదారు సూచించిన గేరు ఆయిల్‌నే పోయాలి.

కొత్త జంటకు తొలి ప్రయాణం ఘాట్‌పై కాకుండా మైదానంలో, బరువు లేకుండా జరగాలి. పాతిక కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఇరుసు పూర్తిగా చల్లారిన పిమ్మటనే మరల కదలాలి. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత ఆయిల్ మార్చి, అందులో లోహపు రజను ఉన్నదేమో చూసుకోవాలి. అందులో పెచ్చులు కనబడితే, వెంటనే హౌసింగు విప్పి చూడనిదే కుటుంబాన్ని ఎక్కించుకొని కొండకు బయలుదేరరాదు.